పికప్ బండికి సొంతంగా క్యారియర్ కట్టించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బొలెరో పికప్, దోస్త్, ఏస్... బండి ఏదైనా కానీ టెంట్ హౌస్ వాళ్లు, ప్లంబర్లు, సెంట్రింగ్ పనివాళ్లు, బోరు మోటారు మెకానిక్‌లు అడిగే డౌట్లు మాత్రం అవే. ఒకరికి ఫోన్‌లో చెప్పింది వారం తిరక్కుండా ఇంకొకరికి చెప్పాల్సి వస్తోంది. అందుకే వరంగల్, హన్మకొండ, ములుగు, పరకాల వైపు నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్నలను పని జరిగే వరసలో ఇక్కడ పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. కొలతలన్నీ తొమ్మిది, పది అడుగుల బాడీ ఉన్న పికప్‌కి చెప్పినవి. కొనే ముందు మీ బండి మీద టేపు పెట్టి చూసుకోండి.

## పని మొదలుపెట్టే ముందు

అన్నా, అసలు నా బండికి క్యారియర్ అవసరమేనా?

పొడుగ్గా ఉండి బరువు లేని సామాను రోజూ మోస్తుంటే అవసరమే. నిచ్చెనలు, షామియానా పైపులు, వెదురు బొంగులు, పది అడుగుల పీవీసీ పైపులు, డ్రిప్ లేటరల్ చుట్టలు పైకి వెళితే కింద బాడీ ఖాళీగా దొరుకుతుంది. కింద పట్టని బరువును పైకి ఎక్కించాలని చూస్తుంటే మాత్రం క్యారియర్ మీకు పనికిరాదు. అలాంటప్పుడు ఇంకో ట్రిప్పు వేసుకోవడమే మేలు.

ఆర్టీఏ వాళ్లు ఆపితే ఏమంటారు? చలానా పడుతుందా?

పడే అవకాశం ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్.సి.లో రాసి ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి రూ.5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ వేయొచ్చు. లోడు బాడీ పక్కలకు, ముందుకు, వెనక్కు, పైకి అనుమతించిన హద్దు దాటితే సెక్షన్ 194 కింద రూ.20,000, దాంతోపాటు సామాను దింపించే ఖర్చు కూడా మీదే.

అందుకే పైపులు కోయించక ముందే డ్రాయింగ్ కాగితం పట్టుకుని ఆర్టీఏ ఆఫీసులో అడగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పకుండా చేసిన మార్పు క్లెయిమ్ వచ్చిన రోజున పేచీ అవుతుంది.

20 అడుగుల పైపులు పడతాయా?

పడవు. 20 అడుగులంటే 6.1 మీటర్లు. పికప్ ముందు బంపర్ నుంచి వెనక డోరు దాకా కొలిస్తే ఐదు మీటర్ల చిల్లర ఉంటుంది. ఎలా సర్దినా మీటరు దాకా బయటికి వస్తుంది. ఎర్రగుడ్డ కట్టినంత మాత్రాన చట్టం ఒప్పుకోదు. చీకట్లో వెనకాల బైకు మీద వచ్చేవాడికి ఆ గుడ్డ కనిపించదు కూడా. షాపులోనే పది అడుగులకు కోయించండి, లేదా పెద్ద బండి మాట్లాడుకోండి.

క్యారియర్ మీద ఎంత బరువు పెట్టొచ్చు?

ఇక్కడ చెప్పిన కొలతలతో కడితే 150 కిలోలు దాటకండి. పైపులు అంతకంటే ఎక్కువే మోస్తాయి, కానీ బండి మోయదు. బరువు పైకి వెళ్లేకొద్దీ మలుపుల్లో బండి ఒరగడం ఎక్కువవుతుంది. ఒక చక్రం గుంతలో పడితే ఆ ఊపు పైన ఇంకా పెద్దదిగా వస్తుంది. ఇంకో లెక్క కూడా ఉంది. క్యారియర్ సొంత బరువు, దాని మీది సామాను బరువు రెండూ మీ పేలోడ్ (బండి మోయగల సామాను బరువు) లోంచే పోతాయి. 1.3 టన్నుల బండికి 75 కిలోల క్యారియర్ బిగిస్తే ఇక మిగిలేది 1,225 కిలోలే. పని అయ్యాక ఖాళీ బండిని ఒకసారి వే బ్రిడ్జి మీద కాంటా పెట్టించి ఆ చీటీ దాచుకోండి.

## డిజైన్

క్యాబిన్ టాప్‌కే నేరుగా బిగిస్తే పోదా? కార్లకు అలాగే ఉంటుంది కదా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. క్యారియర్లు పాడయ్యేది కూడా ఎక్కువగా ఇక్కడే. పికప్‌లో కింద ఛాసిస్ (బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం), దాని మీద రబ్బరు బుష్‌ల మీద కూర్చున్న క్యాబిన్, వెనకాల వేరుగా బోల్టులతో బిగించిన లోడ్ బాడీ ఉంటాయి. గుంతల్లో ఛాసిస్ మెలి తిరిగినప్పుడు క్యాబిన్ ఒకవైపు, బాడీ ఇంకోవైపు కదులుతాయి. నమ్మకం లేకపోతే లోడు బండి స్పీడ్ బ్రేకర్‌ను ఏటవాలుగా దాటేటప్పుడు పక్కన నిలబడి క్యాబిన్‌కి, బాడీకి మధ్య ఉన్న సందు చూడండి. పైన ఒకలా, కింద ఒకలా మారుతూ కనిపిస్తుంది.

ఆ రెండింటినీ ఒకే ఇనుప ఫ్రేముతో కలిపి కట్టేస్తే ఆ కదలికంతా ఫ్రేము మీద పడుతుంది. కొన్నాళ్లకు వెల్డింగ్ పగులుతుంది, లేదంటే క్యాబిన్ టాప్ చిరుగుతుంది. క్యాబిన్ రేకు ఎలాగూ మిల్లీమీటరు మందం కూడా ఉండదు. వాన నీళ్లు ఆపడానికి పెట్టిన రేకు మీద బరువు వేయకూడదు. స్తంభాలన్నీ లోడ్ బాడీ మీదే నిలవాలి. అక్కడి నుంచి బరువు బాడీ కింది క్రాస్ ఛానళ్లకు (ఫ్లోర్ కింద అడ్డంగా ఉండే ఇనుప దూలాలకు), వాటి నుంచి ఛాసిస్‌కి దిగాలి. క్యాబిన్‌ని క్యారియర్ ఎక్కడా తాకకూడదు.

మరి క్యాబిన్ పైన జాగా వృథా కాదా? ముందుకు ఎంత దాకా పొడిగించొచ్చు?

రెండు అడుగులు. పొడవు పైపులను క్యాబిన్ మీదుగా గాల్లో ముందుకు తేవచ్చు, కానీ టాప్‌కి, పైపుకి మధ్య కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. లోడు వేశాక కూడా ఆ ఖాళీ మిగలాలి. రెండు అడుగులు దాటితే ముందు స్తంభం మీద మెలి పెరుగుతుంది. ఆ ముందు భాగంలో బరువులు పెట్టకండి, పొడవు సామాను కొసలు ఆనడానికి మాత్రమే వాడండి.

ఎత్తు ఎంత పెట్టాలి?

క్యాబిన్‌కి రెండు అంగుళాల పైన, అంతే. బాడీ ఫ్లోర్ నుంచి చూస్తే చాలా పికప్‌లకు ఇది మూడున్నర అడుగుల దగ్గర వస్తుంది. కొందరు మనిషి వంగి లోపలికి వెళ్లేలా ఐదడుగులు పెట్టమంటారు. అంత ఎత్తు వద్దు. మన ఊళ్లలో రోడ్డుకి అడ్డంగా వేలాడే సర్వీస్ వైర్లు, దిగజారిన 11 కేవీ లైన్లు, గుడి కమాన్లు, వేప కొమ్మలు ఉంటాయి. వరంగల్ టౌన్‌లో రైల్వే అండర్ బ్రిడ్జిలు సరేసరి. నేల నుంచి సామాను పైభాగం దాకా కొలిచి, ఆ అంకెను డ్యాష్‌బోర్డు మీద స్టిక్కర్‌లా అతికించండి. బండి ఎప్పుడూ మీరే నడపరు, అద్దె డ్రైవర్‌కి ఆ అంకె తెలియాలి.

నా బండికి మూడు వైపులా డోర్లు దిగుతాయి. స్తంభాలు అడ్డం రావా?

సైడ్ డోర్‌కే స్తంభం వెల్డింగ్ చేస్తే వస్తాయి. అలా చేయకండి. స్తంభాలను డోర్లకు లోపలి వైపు, ఫ్లోర్ అంచున, కింద క్రాస్ ఛానల్ ఉన్న చోట నిలబెట్టండి. బండి కిందికి దూరి ఛానళ్లు ఎక్కడున్నాయో చాక్‌పీస్‌తో పైన గుర్తు పెట్టుకోవాలి. దీనివల్ల లోపల రెండు వైపులా కలిపి నాలుగైదు అంగుళాల వెడల్పు తగ్గుతుంది. ఆ నష్టం భరించాల్సిందే.

బ్రేక్ వేస్తే క్యారియర్ ముందుకు ఊగుతోంది. ఏం చేయాలి?

ఏటవాలు సపోర్టులు లేవన్నమాట. గట్టిగా బ్రేక్ పడితే పైన ఉన్న 150 కిలోల సామాను దాదాపు 100 కిలోల బలంతో ముందుకు తోస్తుంది. మూడున్నర అడుగుల ఎత్తులో ఆ తోపు పడితే నిలువు స్తంభాల మొదళ్లే ఆపాలి, ఒక్క వెల్డింగ్ దాన్ని ఆపలేదు. ముందు స్తంభానికి, వెనక స్తంభానికి పొడవు వరసలో ఒక్కో ఏటవాలు పైపు, అంటే రెండు వైపులా కలిపి నాలుగు వేయాలి. అడ్డంగా ఊగకుండా ప్రతి మూలలో 5 మి.మీ. ప్లేటుతో త్రికోణం ముక్క పెట్టాలి. లావు పైపు వేస్తే ఊగదనుకుంటారు. సన్న పైపైనా ఏటవాలుగా వేసిందే ఊపు ఆపుతుంది.

## సామాను కొనడం

రౌండ్ పైపా, స్క్వేర్ పైపా? ఏ గేజ్ తీసుకోవాలి?

స్క్వేర్. రౌండ్ పైపు మీద రౌండ్ పైపు కలవాలంటే కొసను చేప నోరులా కోయాలి. అది సరిగ్గా రాకపోతే సందును రాడ్డుతో నింపేస్తారు. పైన పెయింట్ పడ్డాక ఆ లోపం ఎవరికీ కనపడదు. స్క్వేర్ పైపు కొస సూటిగా కోస్తే చాలు, నాలుగు వైపులా ఆనుతుంది.

గేజ్ అంకె పెరిగేకొద్దీ మందం తగ్గుతుంది. 18 గేజ్ సుమారు 1.2 మి.మీ., 16 గేజ్ 1.6, 14 గేజ్ 2 మి.మీ. స్తంభాలకు, పొడవు, అడ్డ పైపులకు ఒకటిన్నర ఇంచు 14 గేజ్ వాడండి. ఏటవాలు సపోర్టులకు, చుట్టూ రైలింగ్‌కు ఒక ఇంచు సరిపోతుంది.

ఒక ఇంచు పైపుతోనే మొత్తం చేసి డబ్బు మిగుల్చుకుందాం అనుకునేవాళ్ల కోసం ఈ లెక్క. ఐదడుగుల వెడల్పులో రెండు కొసల మీద ఆనిన ఒక ఇంచు 14 గేజ్ పైపు నడిమధ్యలో 100 కిలోలు పడితే మళ్లీ నిటారు కాకుండా వంగిపోయే హద్దు దాటుతుంది. అదే గేజ్‌లో ఒకటిన్నర ఇంచు పైపుకు సగం బలం కూడా ఖర్చు కాదు. బలం రెండున్నర రెట్లు, వంగకుండా నిలవడం దాదాపు నాలుగు రెట్లు, బరువు మాత్రం ఒకటిన్నర రెట్లే. ఇనుము కిలోల్లో కొంటాం కాబట్టి ఖర్చు కూడా ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది.

షాపులో గేజ్ మాట మీద నమ్మి కొనకండి. కొస దగ్గర వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెట్టి చూడండి. అది లేకపోతే తూకం వేయించండి. ఒకటిన్నర ఇంచు 14 గేజ్ పైపు 20 అడుగులకు 13.8 కిలోలు, ఒక ఇంచుది 8.8 కిలోల దగ్గర తూగాలి. బాగా తక్కువ తూగితే మీకు ఇచ్చింది 14 గేజ్ కాదు.

జీఐ (జింక్ పూత వేసిన) పైపుకి తుప్పు రాదు కదా, అది తీసుకుంటే మంచిది కాదా?

వెల్డింగ్ చేసిన చోట జింక్ పూత కాలిపోతుంది కాబట్టి తుప్పు సరిగ్గా అతుకు దగ్గరే మొదలవుతుంది. పైగా ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. తప్పనిసరై జీఐ వాడితే అతుకు దగ్గర రెండు అంగుళాల మేర పూతను గ్రైండర్‌తో తీసేసి, గాలి ఆడే చోట చేయించండి. మా మాటైతే పూత లేని మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపుకే మంచి ప్రైమర్ కొట్టించండి.

స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేయిస్తే మెరుస్తుంది కదా?

మెరుస్తుంది. ధర ఎక్కువ, వెల్డింగ్‌కి ఆర్గాన్ మిషను, దాని మీద చెయ్యి తిరిగిన మనిషి కావాలి. సామాను మోసే బండికి అనవసరం.

మొత్తం ఎంత ఇనుము పడుతుంది? ఎలా కోయాలి?

పదకొండు అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తు క్యారియర్‌కి లెక్క ఇది. పొడవు పైపులు రెండు, అడ్డ పైపులు ఐదు, స్తంభాలు ఆరు. ఒకటిన్నర ఇంచు పైపులు 20 అడుగులవి నాలుగు తీసుకోండి. మొదటి రెండింటిలో ఒక్కోదాంట్లో 11, 5, 3.5 అడుగుల ముక్కలు వస్తాయి. మూడోదాంట్లో ఐదడుగులవి మూడు, మూడున్నరది ఒకటి. నాలుగోదాంట్లో మిగిలిన మూడు స్తంభాలు పోగా తొమ్మిది అడుగుల పైన మిగులుతుంది. ఒక ఇంచు పైపులు రెండు తీసుకుంటే ఏటవాలు సపోర్టులకు, ముందు, పక్క రైలింగ్‌లకు సరిపోతాయి.

స్తంభాల కింద 4 × 6 అంగుళాల 6 మి.మీ. ప్లేట్లు ఆరు, ఫ్లోర్ కింది నుంచి అవే కొలతవి ఇంకో ఆరు కావాలి. బోల్టులు, కొక్కేలతో కలిపి తయారైన క్యారియర్ 75 కిలోల దగ్గర తూగుతుంది. ఇనుము ధర వారం వారం మారుతుంది కాబట్టి రూపాయలు రాయడం లేదు. ఆ రోజు కిలో ధరతో మీరే గుణించుకోండి.

## కటింగ్, వెల్డింగ్, బిగింపు

బండి మీదే పెట్టి వెల్డింగ్ చేయించొచ్చా?

బండి మీద ట్యాక్‌లు (ముక్కలు కదలకుండా పెట్టే చిన్న చిన్న వెల్డింగ్ చుక్కలు) మాత్రమే వేయించండి. కొలత సరిపోయిందని చూసుకున్నాక దింపి, నేల మీద ఫుల్ వెల్డింగ్ చేయించండి. ట్యాక్ వేసే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పేయాలి. వెల్డింగ్ మిషను ఎర్త్ క్లిప్పు ట్యాక్ వేసే పైపుకే, దగ్గరగా పెట్టాలి. ఎర్త్‌ను ఎక్కడో బంపర్‌కి తగిలిస్తే కరెంటు బండి వైరింగ్ గుండా దారి వెతుక్కుంటుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 బండ్లలో సెన్సార్లు, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) లాంటి ఎలక్ట్రానిక్స్ ఎక్కువ కాబట్టి ఇంకా జాగ్రత్త.

అద్దాల సంగతి ఎవరూ చెప్పరు. గ్రైండర్ నిప్పురవ్వలు అద్దం మీద పడితే ఇసుకరేణువంత నల్ల చుక్కలుగా అతుక్కుపోతాయి. ఎంత తుడిచినా పోవు, గోటికి గరుకుగా తగులుతాయి. రాత్రి ఎదుటి బండి లైటు పడితే ప్రతి చుక్కా మెరుస్తుంది. పెయింట్ మీద పడినవి మొదటి వానకే తుప్పు చుక్కలవుతాయి. ముందు అద్దం, వెనక అద్దం, క్యాబిన్ టాప్ తడి గోనె పట్టాలతో కప్పించాకే గ్రైండర్ ఆన్ చేయనివ్వండి.

నాకు వెల్డింగ్ కొంచెం వచ్చు. నేనే చేసుకోవచ్చా? ఏ రాడ్డు వాడాలి?

గేటు, కిటికీ చేసినంత అనుభవం ఉంటే కటింగ్, గ్రైండింగ్, పెయింటింగ్ మీరే చేసుకుని, స్తంభాల మొదళ్లు, ముందు మూలలు మాత్రం చెయ్యి తిరిగిన వెల్డర్‌తో వేయించండి. 2 మి.మీ. పైపుకి 6013 రకం 2.5 మి.మీ. రాడ్డు సరిపోతుంది. 60 నుంచి 90 ఆంపియర్ల మధ్య పెట్టి, ముందు తుక్కు ముక్క మీద వేసి చూసుకోండి. లావు రాడ్డు, ఎక్కువ కరెంటు పెడితే పైపుకి బొక్క పడుతుంది. ముసుగు అద్దం లేకుండా ఒక్క ట్యాక్ కూడా వద్దు.

ఫ్రేము వెల్డింగ్ అయ్యాక వంకర వచ్చింది. ఎందుకు?

ఒకవైపు అతుకులన్నీ వరసగా వేసేసి ఉంటారు. వేడికి సాగిన ఇనుము చల్లారేటప్పుడు ఆ వైపుకి లాగేస్తుంది. ఒక మూల వేశాక దానికి ఎదురు మూల వేస్తూ పోవాలి. ట్యాక్ దశలోనే మూల నుంచి ఎదురు మూలకు టేపుతో రెండు వైపులా కొలవండి. రెండు అంకెలు ఒకటైతే ఫ్రేము మూలమట్టంగా ఉన్నట్టు.

ఛాసిస్‌కి రంధ్రం చేసి బిగిస్తే ఇంకా గట్టిగా ఉంటుందేమో?

ఛాసిస్‌కి డ్రిల్లింగ్ గానీ వెల్డింగ్ గానీ చేయనివ్వకండి. పగులు అక్కడే మొదలవుతుంది, వారంటీ కూడా పోతుంది. బాడీ ఫ్లోర్, క్రాస్ ఛానల్ కలిసే చోట పైన ఒక ప్లేటు, కింద ఒక ప్లేటు పెట్టి మధ్యలోంచి బోల్టులు వేస్తే చాలు.

ఏ బోల్టులు వాడాలి?

12 మి.మీ. బోల్టులు, తల మీద 8.8 అని అచ్చు ఉన్నవి. స్తంభానికి కనీసం రెండు, కుదిరితే నాలుగు. లోపల నైలాన్ రింగు ఉండే లాక్ నట్లు వాడండి. విప్పినప్పుడల్లా నట్లు కొత్తవి వేయాలి, రింగు అరిగిపోతే పట్టు ఉండదు. బిగించి నాలుగైదు రోజులు తిరిగాక మళ్లీ ఒకసారి స్పానర్ పెట్టండి. కొత్త పెయింట్ నలిగి బోల్టులు వదులవుతాయి.

## పెయింట్

రెడ్ ఆక్సైడ్ కొడితే చాలదా?

చాలదు, అది పునాది మాత్రమే. వెల్డింగ్ మీది పెంకు సుత్తెతో కొట్టి, వైర్ బ్రష్‌తో రుద్ది, థిన్నర్ గుడ్డతో జిడ్డు తుడిచాక ప్రైమర్ రెండు పూతలు, దాని మీద ఎనామెల్ రెండు పూతలు. వానాకాలంలో అయితే మబ్బు లేని రోజు చూసుకోండి.

తుప్పు బయటి నుంచి కంటే లోపలి నుంచి ఎక్కువ తింటుంది. పైపుల కొసలన్నీ చిన్న ప్లేటు ముక్కలతో మూసేయించండి. స్తంభాల అడుగున 6 మి.మీ. రంధ్రం ఒకటి వదిలేస్తే లోపల చేరిన నీళ్లు కారిపోతాయి.

## లోడు వేసి రోడ్డెక్కాక

మొదటిసారి లోడు వేసే ముందు టెస్ట్ ఎలా చేయాలి?

సిమెంటు బస్తా 50 కిలోలు. మూడు బస్తాలు మూడు అడ్డ పైపుల మీద పడేలా పెట్టండి. అంతకుముందే పొడవు పైపు కింద ఈ కొస నుంచి ఆ కొసకు దారం కట్టి, మధ్యలో ఎంత సందు ఉందో కొలిచి ఉంచుకోండి. రాత్రంతా ఉంచి, పొద్దున బస్తాలు దింపాక మళ్లీ కొలవండి. మొదటి కొలతకే తిరిగి రావాలి. రాకపోతే ఎక్కడో పైపు వంగింది. ఆ తర్వాత అదే లోడుతో ఊరి రోడ్డు మీద మెల్లగా తిప్పి, ప్రతి అతుకునూ టార్చి వేసి చూడండి.

తాడుతో కట్టాలా, బెల్టుతోనా?

రాచెట్ బెల్టు, అంటే పిడి తిప్పి బిగించే పట్టీ. నైలాన్ తాడు బరువుకి సాగుతుంది, వానకి ఇంకా సాగుతుంది. బెల్టును సమంగా పరవకుండా ఒక మెలి తిప్పి కడితే గాలికి బుయ్యిమని మోగదు. ఇనుము అంచు తగిలే చోట పాత ట్యూబు రబ్బరు ముక్క పెట్టండి. పైపుల కట్టకు పైనుంచి రెండు బెల్టులతోపాటు ముందుకు జారకుండా ఇంకొకటి వేయాలి. బయలుదేరిన కాసేపటికే ఆగి బెల్టులు లాగి చూడండి, సామాను సర్దుకున్నాక అవి వదులు కాక మానవు.

ప్లైవుడ్ షీట్లు పైన తీసుకెళ్లొచ్చా?

కింద పడితే కిందే వేయండి. గంటకు 80 కి.మీ. వేగంలో ఎదురుగాలి చదరపు మీటరుకు 30 కిలోల దాకా నెడుతుంది. 8 × 4 షీటు మూడు చదరపు మీటర్లు. ముందు అంచు కాస్త లేచిందంటే గాలి కింద దూరి షీటును పైకి లాగేస్తుంది. తప్పనిసరైతే ముందు అంచు రైలింగ్ వెనక దాగేలా పెట్టి, ముందు కొస దగ్గర రెండు బెల్టులు వేసి, 40 దాటకుండా నడపండి. వేగం సగమైతే గాలి తోపు నాలుగో వంతుకు పడిపోతుంది.

ఏనుమాముల మార్కెట్‌కి మిర్చి, పత్తి బస్తాలు పైన వేసుకోవచ్చా?

ఒకటి రెండు మిర్చి బస్తాలైతే సరే, కింద బాడీ నిండాకే. పత్తి బోరాలు తేలికే కానీ ఉబ్బెత్తుగా ఉంటాయి, గాలికి తెరచాపలు. వాటిని పైన వేయకండి.

మేడారం జాతరకి పైన నలుగురు కూర్చుంటామంటున్నారు. ఆగుతుందా?

ఇనుము ఆగినా మనిషి ఆగడు. పసర దాటాక అడవి దారిలో కొమ్మలుంటాయి, జాతర రద్దీలో సడన్ బ్రేకులు పడుతూనే ఉంటాయి. బండి టాప్ మీద ప్రయాణించడం సెక్షన్ 123 ప్రకారం నేరం కూడా. మనవాళ్లే కదా అని మొహమాటపడకండి. పైన బిందెలు, వంట సామాను, డేరా వేసుకోండి. మనుషులకు బస్సులున్నాయి.

మైలేజ్ పడిపోతుందా?

పడుతుంది. ఖాళీ క్యారియర్‌కి కూడా గాలి తగులుతుంది. ఊళ్లో తిరిగితే అంతగా తెలియదు, హైదరాబాద్ హైవే మీద తెలుస్తుంది.

ఎప్పుడెప్పుడు చూసుకోవాలి? పగులు వస్తే అతికించుకోవచ్చా?

నెలకోసారి బండి కడిగించినప్పుడు చూడండి. స్తంభాల మొదళ్లు, క్యాబిన్ వైపు మొదటి అడ్డ పైపు, ఏటవాలు సపోర్టుల పై కొసలు చూస్తే చాలు. పగులు మొదట్లో పగులులా ఉండదు. వెల్డింగ్ అంచు వెంబడి పెయింట్ మీద సన్నని గోధుమ రంగు గీత కనిపిస్తుంది. వేలితో తుడిస్తే పోయి, మళ్లీ వాన పడ్డాక అదే చోట వస్తుంది. అది లోపలి నుంచి కారిన తుప్పు.

పైనుంచి ఇంకో పూత వెల్డింగ్ వేసి వదిలేస్తే పక్కనే మళ్లీ పగులుతుంది. పాత అతుకును గ్రైండర్‌తో పూర్తిగా తీసి, కొత్తగా వేసి, ఆ మూలలో త్రికోణం ప్లేటు ఒకటి పెట్టించండి. ఆ మూల ఎందుకు పగిలిందో కూడా చూడండి. చాలాసార్లు కింద బోల్టు వదులై స్తంభం ఆడుతూ ఉంటుంది, లేదంటే లోడుకి క్యాబిన్ టాప్ తగులుతూ ఉంటుంది. తగులుతుంటే టాప్ మీద పెయింట్ గీసుకుపోయిన మచ్చ ఉంటుంది, ఎక్కి చూడండి.